తలల లెక్క

గురువారం పొద్దున్నే రాండల్ ఆఫీసు తలుపు తీసేసరికి గ్లెన్ అప్పటికే బోర్డు ముందు నిలబడి ఉన్నాడు. తెల్లబోర్డు మీద పదహారు గళ్ళు. పదకొండింట్లో పేర్లున్నాయి, ఐదు ఖాళీ.

"పదకొండే," అన్నాడు గ్లెన్, పలకరింపు కూడా లేకుండా. "నిన్నా పదకొండే. పోయిన వారమూ పదకొండే."

"ఆ రస్క్ కుర్రాడు వచ్చేట్టే ఉన్నాడు కోచ్. మంగళవారం వాళ్ళింటికి వెళ్తున్నాను."

"వచ్చేట్టున్నాడు, ఊగేట్టున్నాడు అంటే పైవాళ్ళు వినరు రాండీ. జనవరికి పదహారు కాకపోతే నీ ఉద్యోగం సగం చేస్తారట. జీతం సంగతి అలా ఉంచు, సగం ఉద్యోగానికి ఇన్సూరెన్సు ఉండదు. లోరీ మందులు ఎవడు కొంటాడు?"

రాండల్ భార్య లోరీ ఇన్సులిన్ సీసాలు ఫ్రిజ్‌లో గుడ్ల పక్కన వరసగా ఉంటాయి. పొద్దున్నే పాలు తీసుకునేటప్పుడు రోజూ కనపడతాయి.

ఐయోవాలో మొక్కజొన్న చేల మధ్యనున్న ఆ చిన్న కాలేజీలో, మగపిల్లల సాకర్ టీముకి కోచ్ అంటే ఆట నేర్పేవాడని ఊళ్ళోవాళ్ళు అనుకుంటారు. పాపం, అనుకోనివ్వండి. ఏడాదికి పదహారుమంది కొత్త కుర్రాళ్ళని పట్టుకొచ్చి ఫీజు కట్టించేవాడే అక్కడ కోచ్. టీములో నలభై నలుగురు. మైదానంలో దిగేది పదకొండుమంది, బయటూరి మ్యాచ్‌లకి బస్సెక్కేది ఇరవై ఆరుగురు. మిగతా పద్దెనిమిదిమందీ ఎందుకయ్యా అంటే, పిల్లలు చాలక కొడిగడుతున్న ఆ కాలేజీ దీపంలో చమురు పొయ్యడానికి. ఆ సంగతి ఆ పద్దెనిమిదిమందికీ తెలీదు. తెలియకుండా చూడ్డం సహాయ కోచ్ పని, అంటే రాండల్ పని.

"ఇంకో సంగతి," అన్నాడు గ్లెన్, కాఫీ గ్లాసు బల్ల మీద పెడుతూ. "శనివారం ఆనవాయితీ గీనవాయితీ ఏం లేదు. మామూలు పదకొండుమందే దిగుతారు."

రాండల్ చేతిలోని బ్యాగు అలాగే ఉండిపోయింది. సీజన్లో సొంత మైదానంలో ఆఖరి మ్యాచ్ రోజున, ఆఖరి సంవత్సరం పిల్లలందరూ తల్లిదండ్రులతో నడిచి మైదానం మధ్యకి వస్తారు. తల్లికో పువ్వు ఇస్తారు. ఆడినవాడూ ఆడనివాడూ అని లేకుండా మొదటి ఐదు నిమిషాలూ వాళ్ళే ఆడతారు. గ్లెన్ దగ్గర తను ఆడిన రోజుల్నించీ ఉన్నదే.

"ఇళ్ళకి ఉత్తరాలు కూడా రాశాం కదా కోచ్, మొదట్లో దింపుతామని."

"గెలిస్తే టోర్నమెంట్, లేకపోతే ఇంటికి. ఆరేళ్ళయింది మనం టోర్నమెంట్ మొహం చూసి. ఆ ఐదు నిమిషాల్లో గోల్ పడితే నువ్వు తిరిగి ఇస్తావా?"

"వెస్లీకి నేను మాటిచ్చాను."

గ్లెన్ నవ్వాడు. దురుద్దేశం ఉన్న నవ్వు కాదది, అలసిపోయినవాడి నవ్వు. "మాటలివ్వడమేగా నాయనా మన ఉద్యోగం. వాడికి నువ్వే చెప్పు."

వెస్లీ ఓడమ్. ముప్పై ఒకటో నెంబరు చొక్కా. నాలుగేళ్ళలో ఒక్క ప్రాక్టీసు మానలేదు, ఒక్క మ్యాచ్‌లోనూ ఒక్క నిమిషం ఆడలేదు.

*

శుక్రవారం సాయంత్రం గాలి ఈడ్చికొడుతోంది. రాండల్ ప్లాస్టిక్ గుర్తులు నేల మీద పెట్టుకుంటూ పోతున్నాడు, పదడుగులకొకటి. తేలికవి గాలికి పడిపోతుంటే వెనక్కొచ్చి కాలితో తొక్కి నిలబెడుతున్నాడు. మిగతావాళ్ళు రాకముందే వచ్చేవాడు ఒక్కడే. వెస్లీ బంతుల సంచీ భుజానేసుకుని వచ్చాడు. ఒక్కో బంతినీ బొటనవేలితో నొక్కి చూసి, గాలి తగ్గినవి పక్కకి పెట్టాడు. ఎవరూ చెప్పక్కర్లేదు వాడికి.

"అమ్మావాళ్ళు రేపు చీకటితోనే బయల్దేరతారు కోచ్. తొమ్మిది గంటల దారి," అన్నాడు. "నాన్న పశువుల్ని పక్కింటివాళ్ళకి అప్పజెప్పి వస్తున్నాడు. నాకు తెలిసి ఎన్నడూ అలా చెయ్యలేదు. అమ్మ కొత్త ఫోను కూడా కొంది, వీడియో బాగా వస్తుందని."

రాండల్ నీళ్ళు నమిలాడు. చెప్పాల్సింది రెండు ముక్కలు. పొద్దుట్నించీ నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాడు, కక్కలేకా మింగలేకా.

"వెస్, రేపు మొదట్లో మామూలువాళ్ళే దిగుతున్నారు. మ్యాచ్ అలాంటిది మరి."

వెస్లీ బంతి నొక్కడం ఆపాడు. "అందరి సంగతా, నా ఒక్కడిదా?"

"అందరిదీ. నలుగురు మిగిలిపోతారు. కానీ నువ్వు ఆడతావురా. చివర్లోనైనా సరే దింపుతాను. నాదీ పూచీ."

"సరే కోచ్," అన్నాడు వెస్లీ. నమ్మాడు. అదే వాడితో వచ్చిన చిక్కు, ఎప్పుడు ఏం చెప్పినా నమ్ముతాడు.

గోల్ వెనకాల వల కొక్కేలు బిగిస్తున్న మెర్ల్ అంతా విన్నాడు. మెర్ల్ అరవై ఆరేళ్ళ మనిషి, పోస్టుమాన్‌గా రిటైరై, పైసా తీసుకోకుండా గోల్ కీపర్లకి శిక్షణ ఇస్తుంటాడు. కుర్రాడు అటు వెళ్ళగానే మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

"ఇంకో మాట ఇచ్చావా?"

"ఏం చెయ్యమంటావు మెర్ల్?"

"ముప్పై ఏళ్ళు ఉత్తరాలు పంచాను. తప్పు అడ్రసుది కూడా చివరికి ఎవడో ఒకడి గుమ్మానికి చేరేది. నీ మాటలు ఒక్కటీ చేరగా చూడలేదురా నేను." మళ్ళీ వంగి కొక్కెం బిగించుకున్నాడు.

*

శనివారం ఎండ వచ్చింది కానీ వేడి లేదు. తొమ్మిదిమంది కుర్రాళ్ళూ వరసగా నడిచారు. మైకులో పేరు చదవగానే తల్లీ తండ్రీ మధ్య కొడుకు. వెస్లీ తండ్రి ఇస్త్రీ చొక్కాలో ఇబ్బందిగా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియకుండా నడిచాడు. తల్లి డార్లీన్ పసుపు పువ్వు పుచ్చుకుని, రాండల్‌ని కావలించుకుంది. "నాలుగేళ్ళు మావాణ్ణి కనిపెట్టుకుని ఉన్నారు కోచ్ గారూ. ఆ రోజు మా వంటింట్లో అన్నట్టే చేశారు," అంది. కుర్రాణ్ణి టీముకి అడగడానికి వెళ్ళిన ఆ రోజు వంటింట్లో ఏమన్నాడో రాండల్‌కి తెలుసు. మీవాడు మా ప్రణాళికలో ఉన్నాడమ్మా అన్నాడు. ఆ ఏడాది ఆ మాటే పద్దెనిమిది వంటిళ్ళలో అన్నాడు.

మొదటి సగంలో ఒక గోల్ వేశారు. రెండో సగంలో ఇంకోటి. బోర్డు మీద గడియారం వెనక్కి నడుస్తోంది, పన్నెండు నిమిషాలు, పదకొండు. రాండల్ బెంచీ దగ్గరికి వెళ్ళి "వెస్, ఒళ్ళు వేడి చేసుకో" అన్నాడు. వాడు గీత పక్కన పరుగు మొదలుపెట్టాడు. జనంలో డార్లీన్ లేచి నిలబడి ఫోను పైకెత్తింది.

"కోచ్, రెండు గోల్స్ ముందున్నాం," అన్నాడు రాండల్.

"ఆగు," అన్నాడు గ్లెన్.

తొమ్మిది నిమిషాలప్పుడు ఆగమన్నాడు. ఏడప్పుడు మాట్లాడనే లేదు. వెస్లీ అటునించి ఇటూ ఇటునించి అటూ పరిగెడుతూనే ఉన్నాడు, డార్లీన్ ఫోను దించి, చెయ్యి విదిలించుకుని మళ్ళీ ఎత్తింది. మిగిలిపోయిన తక్కిన ముగ్గురూ దుప్పట్లు కప్పుకుని ఏమీ ఎరగనట్టు కూచున్నారు. మూడు నిమిషాల ఇరవై సెకన్లు ఉండగా గ్లెన్ విసుగ్గా చెయ్యి ఊపాడు. "సరే, పంపు. నా ప్రాణం తియ్యకు."

రాండల్ చీటీ మీద ముప్పై ఒకటి అని రాసి వెస్లీ చేతిలో పెట్టాడు. వాడు పై చొక్కా విప్పి, లెక్కలు రాసే బల్ల దగ్గరికి పరిగెత్తి, అక్కడ కూచున్న అమ్మాయికి చీటీ ఇచ్చి నిలబడ్డాడు. ఇక బంతి పక్క గీత దాటి, చేత్తో విసిరే త్రో మనకి రావాలి, లేదా గోల్ పక్కనించి బయటికి పోయి గోల్ కిక్ కావాలి. అప్పుడు గానీ మనిషిని మార్చనివ్వరు.

బంతి బయటికి పోయింది. అవతలివాళ్ళ త్రో. మళ్ళీ పోయింది. మళ్ళీ అవతలివాళ్ళదే. రెండు నిమిషాలు. అందాకా పదిసార్లు గోల్ పక్కనించి కొట్టిన అవతలివాళ్ళు ఇప్పుడు గోల్ దాకా రావడమే మానేశారు, మైదానం మధ్యలోనే తన్నులాట. నిమిషం పది సెకన్లు.

ఒక ఉపాయం ఉంది, చిన్న పిల్లలకి కూడా తెలిసిందే. మనవాడెవడైనా కాలు పట్టేసిందని కూలబడితే రిఫరీ ఆట ఆపుతాడు, మనిషిని మార్చుకోవచ్చు. బెంచీకి పదడుగుల్లోనే నేథన్ ఉన్నాడు. రాండల్ గీత దాకా వెళ్ళాడు. "నేథన్!" అని కేకేశాడు. నేథన్ తల తిప్పాడు.

"వద్దు," అన్నాడు గ్లెన్ వెనకనించి, నెమ్మదిగానే. "వాడికి నాలుగు పసుపు కార్డులున్నాయి. నాటకమని రిఫరీ ఇంకోటి చూపిస్తే టోర్నమెంట్‌లో మొదటి మ్యాచ్ ఆడడు. కావాలంటే చెప్పు, చెప్పి నీ పేరు మీద పెట్టుకో."

నేథన్ ఇంకా చూస్తున్నాడు. కూచోరా అంటే చాలు. ఒక్క మాట. ఆ మాట రాండల్ నాలుక దాకా వచ్చింది. బోర్డు మీద ఐదు ఖాళీ గళ్ళు, ఫ్రిజ్‌లో గుడ్ల పక్కన సీసాలు, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

"ఏమీ లేదు. ఆడు," అన్నాడు.

ఆఖరి పది సెకన్లూ మైకులో లెక్కపెడతారు అక్కడ. పది, తొమ్మిది అని మొదలవగానే జనమంతా గొంతు కలిపారు. బెంచీ మీదున్న పిల్లలు లేచి గెంతుతూ లెక్కపెట్టారు. పొట్టి చేతుల చొక్కాలో, చలికి ఎర్రబడ్డ మోకాళ్ళతో వెస్లీ బల్ల పక్కనే నిటారుగా నిలబడి ఉన్నాడు, ఇంకా పిలుస్తారేమోనన్నట్టు ఒక కాలు ముందుకి వేసి. ఒకటి అన్నాక హారన్ మోగింది. బల్ల దగ్గరమ్మాయి వాడి చీటీని మడిచి, "సారీ" అంది. వాడు "ఫరవాలేదు" అన్నాడు, ఆమేదో వాడి కాలు తొక్కినట్టు.

తరవాత వాడూ పరిగెత్తాడు. అందరితో పాటు గుట్టగా పడి, అందర్నీ కావలించుకున్నాడు. జనంలో డార్లీన్ ఫోనుని సంచీలో పెట్టుకుంటోంది. జిప్పు పడక మళ్ళీ మళ్ళీ లాగుతోంది.

*

సామాన్ల గదిలో మురికి బట్టలు లెక్కపెడుతుంటే వెస్లీ వచ్చాడు. చొక్కా నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచాడు. మిగతావాళ్ళవి చెమటా బురదా. వాడిది ఉతకాల్సిన అవసరం లేదు.

"టోర్నమెంట్‌కి ఎలాగూ ఇరవై ఆరుగురే కదా కోచ్. ఇప్పుడే ఇచ్చేస్తున్నాను."

"వెస్, బంతి బయటికి రాలేదురా..."

"చూశాను." బల్ల మీది చొక్కా మడత ఇంకోసారి సరిచేశాడు. "ఒకటి అడగొచ్చా? మా వంటింట్లో కూచుని ప్రణాళిక అన్నారే, అప్పుడు మీకు తెలుసా?"

అబద్ధం చెప్పడం ఎంత సులువు! నువ్వు ఎదుగుతావనుకున్నాను అంటే సరిపోయేది. వాడు నమ్మేవాడు కూడా.

"తెలుసు," అన్నాడు రాండల్.

వెస్లీ తలూపాడు. కోపం వస్తే బావుండును, రెండు తిడితే బావుండునని రాండల్ ఎదురుచూశాడు. "ఇప్పుడు వాళ్ళతోనే ఇంటికి వెళ్తున్నాను. మా నాన్న కారులో వింటాడు, ఆట గురించి ఏం చెప్తానోనని," అన్నాడు వెస్లీ. "తొమ్మిది గంటలు. ఏం చెప్పాలో మీరే చెప్పండి కోచ్."

కుర్రాడు కాసేపు చూసి, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయాడు.

*

మంగళవారం రెండు గంటలు కారు నడిపి రస్క్ వాళ్ళింటికి చేరేసరికి రాండల్ ఒక నిర్ణయానికొచ్చేశాడు. దారి పొడుగునా కోసేసిన చేలు, మోడులు. లోరీతో ఏమీ అనలేదు. ఇన్సూరెన్సు పోతే పోనీ, గిడ్డంగిలో పెట్టెలు మోసైనా మందులు కొంటాను గానీ ఇక ఇంకో వంటింట్లో ఆ మాట అనను అనుకున్నాడు. అనుకున్నాక ఆకలేసింది కూడా.

జానెల్ రస్క్ పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. ఆ పని బట్టల్లోనే ఉంది, ఇంకా మార్చుకోలేదు. కాఫీ పోసి, పళ్ళెంలో కేకు ముక్కలు పెట్టింది. కొడుకు కోల్బీ పదిహేడేళ్ళవాడు, తల దువ్వుకుని, చేతులు బల్ల కింద పెట్టుకుని కూచున్నాడు.

"అమ్మా, కేకు ముట్టుకోకముందే చెప్పేస్తాను," అన్నాడు రాండల్. "మీవాడు మంచి ఆటగాడే. కానీ వాడి స్థానంలో మా దగ్గర ముగ్గురున్నారు, ముగ్గురూ వాడికంటే చురుకు. మొదటి ఏడు బస్సెక్కడు. రెండో ఏడూ అనుమానమే. నాలుగేళ్ళూ ఒక్క నిమిషం ఆడకుండా వెళ్ళిపోవచ్చు. అలా వెళ్ళినవాణ్ణి మొన్న శనివారమే చూశాను."

కోల్బీ చెవులు ఎర్రబడ్డాయి. జానెల్ కాఫీ కప్పు కింద పెట్టింది.

"మరి మాకు నాలుగుసార్లు ఫోన్ ఎందుకు చేశారు?"

"మా కాలేజీకి తలలు కావాలి. పదహారు. మీవాడు పన్నెండోవాడు. అంతే తల్లీ, అందులో ఆట ఏమీ లేదు."

గుండెల మీంచి బండ దించినట్టయింది రాండల్‌కి. ఎన్నేళ్ళయిందో అలా ఊపిరి పీల్చుకుని. కోటు తీసుకోబోయాడు.

"కూచోండి," అంది జానెల్. కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆవిడకి. "ఏడు కాలేజీలవాళ్ళు వచ్చారు ఈ బల్ల దగ్గరికి. ఏడుగురూ ఒకటే పాట. మావాడు చందమామట, సూర్యుడట! నోళ్ళు చూసే ఉద్యోగం నాది, ఎవరు దవడ బిగించి మాట్లాడుతున్నారో నాకు తెలుస్తుంది. నిజం చెప్పింది మీరొక్కరే."

"అమ్మా, నేను వద్దని చెప్తున్నాను."

"అందుకే పంపుతున్నాను. ఆడితే ఆడతాడు, లేకపోతే లేదు. మీలాంటి మనిషి దగ్గరుంటే నా కొడుకు మనిషవుతాడు."

"అది కాదమ్మా, నా సంగతి మీకు..."

"ఆ ముగ్గురిలో ఒకడికి ఈ ఏడుతో అయిపోతుందిగా కోచ్?" అన్నాడు కోల్బీ. అప్పుడే మొదటిసారి నోరు విప్పాడు. "వెబ్‌సైట్‌లో చూశాను. మిగతా ఇద్దర్నీ నేను దాటేస్తాను."

"దాటలేవురా."

"చూస్తారుగా," అన్నాడు వాడు, పళ్ళన్నీ కనపడేలా నవ్వి. నువ్వు పనికిరావు అని మొహం మీదే చెబితే, వాడికి వినపడింది పందెం.

*

గురువారం పొద్దున ఆఫీసులో బోర్డు మీద పన్నెండో గడిలో పేరుంది. కోల్బీ రస్క్. గ్లెన్ పెద్ద అక్షరాలతో రాశాడు.

"నిన్న సాయంత్రం వాళ్ళమ్మ నాకే ఫోన్ చేసింది. అడ్వాన్సు కూడా కట్టేసింది. ఏం మందు పెట్టావయ్యా ఆవిడకి? అరగంట నిన్నే పొగిడింది."

"రావొద్దని చెప్పాను కోచ్."

గ్లెన్ పగలబడి నవ్వాడు. మూలన బంతులకి గాలి కొడుతున్న మెర్ల్ నవ్వలేదు. గ్లెన్ నవ్వుతూ నవ్వుతూ సగంలో ఆగాడు. కళ్ళు చిన్నవి చేసి రాండల్‌ని ఎగాదిగా చూశాడు.

"నిజంగానే? రావొద్దన్నావా?"

"నాలుగేళ్ళూ బెంచీ మీదే అన్నాను. తలల కోసం అన్నాను."

"ఊఁ," అన్నాడు గ్లెన్. బోర్డు వైపు తిరిగి, మిగిలిన నాలుగు గళ్ళనీ చూస్తూ గడ్డం గోక్కున్నాడు. "ఇరవై ఆరేళ్ళయింది, నాకు తట్టలేదు చూడు. అందరికీ అదే చెప్పు రాండీ. అచ్చం అలాగే చెప్పు."

"గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అన్నారా," అన్నాడు మెర్ల్ పంపు నొక్కుతూ. ఎవరినన్నాడో ఎవరి వైపూ చూడకుండా అన్నాడు.

రాండల్ కుర్చీలో కూచున్నాడు. బల్ల మీద కాగితంలో తరవాతి పేరు, పక్కన నెంబరు. చెయ్యనని లేచి వెళ్ళిపోవచ్చు. పొద్దున లోరీ పాలు పోస్తూ "ఏమిటి, ఈ రెండు రోజులూ నిద్రపోతున్నావు?" అని సంబరపడింది. ఉన్నదున్నట్టు చెప్పడమేగా, అందులో తప్పేముంది అనుకుని నెంబరు నొక్కాడు. ఒక ఆడమనిషి ఎత్తింది. వెనకాల టీవీ మోగుతోంది.

"అమ్మా, నేను కోచ్ రాండల్ వోస్‌ని. మీకు ఒక్క నిజం చెబుదామని చేశాను," అన్నాడు. ఆ తరవాతి ముక్క అనాలని అనుకోలేదు, దానంతటదే వచ్చేసింది, మెత్తగా, దిగులుగా, ఎంత బాగా రావాలో అంత బాగానూ. "మిగతా కాలేజీలవాళ్ళు ఎవరూ మీకిది చెప్పరు."

తన గొంతు తనకే వినపడింది. ఫోను పెట్టేద్దామనుకున్నాడు. పెట్టలేదు.

అవతల టీవీ ఆగిపోయింది. కుర్చీ లాక్కున్న చప్పుడైంది. "చెప్పండి కోచ్ గారూ, వింటున్నాను," అంది ఆవిడ.

గ్లెన్ మార్కర్ మూత తీశాడు.